ఉభయకుశలం చాలు, ‘ఉపరి’ వద్దు

ప్రశ్న: నమస్కారమండీ. ఎనిమిదేళ్ళుగా చిన్న చెక్కసామాను కార్ఖానా నడుపుతున్నాను. బల్లలు, అల్మారాలు, పుస్తకాల బీరువాలు అడిగిన కొలతలకు చేసిస్తాం. నాతో కలిపి ఆరుగురం. కొన్నవాళ్ళ పేర్లు రిజిస్టరులో 340 దాకా ఉన్నాయి. మొదట్లో ఫోన్లో మెసేజీ పెడితే జవాబులొచ్చేవి. ఇప్పుడు చాలామంది తెరిచి కూడా చూడటం లేదు. ప్రకటనల ఖర్చేమో ఏటికేడు పెరుగుతోంది. పాతవాళ్ళందరికీ చేత్తో రాసిన కార్డు పంపుదామని నా ఆలోచన. ప్రకటనలు చూసుకునే మా తమ్ముడు, “ఈ రోజుల్లో ఉత్తరాలేంటక్కా! సరే, పంపేదేదో డిస్కౌంటు కూపన్ పెట్టి పంపు, లేకపోతే పోస్టేజీ దండగ” అంటున్నాడు. నాకు నా చేతిరాత చూస్తేనే సిగ్గు. పైగా మనసులో అమ్మకం పెట్టుకుని పైకి ఆప్యాయంగా రాయడం మోసం కాదా అని ఒక గుంజాటన. పంపాలా? పంపితే ఏం రాయాలి? ఇంకొకటి. బల్ల కాలు ఊగుతోందని ఒకావిడ రెండుసార్లు ఫోన్ చేసింది, పని ఒత్తిడిలో వెళ్ళలేకపోయాం. ఆవిడకూ పంపాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: పంపండమ్మా. కూపన్ మాత్రం పెట్టకండి.

మీ తమ్ముడు నొచ్చుకోకుండా ఆ రెండో మాటకు కారణం ముందు చెప్పాలి. మీ గుంజాటనకు సగం జవాబు కూడా అందులోనే ఉంది.

1976లో అమెరికాలో ఒక మార్కెటింగ్ పరిశోధన వెలువడింది. కేరీ అనే ఆయన, ఇంకొందరు కలిసి ఒక నగల దుకాణం ఖాతాదారులను మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఫోన్ చేసి, “మా దగ్గర కొంటున్నందుకు కృతజ్ఞతలు” అని చెప్పి పెట్టేశారు. రెండో జట్టుకు అదే కృతజ్ఞత చెప్పి, తగ్గింపు ధరల అమ్మకం ఒకటి జరగబోతోందని కూడా చెవిన వేశారు. మూడో జట్టుకు ఫోనే లేదు. తర్వాత లెక్కలు చూస్తే, ఉత్త కృతజ్ఞత అందుకున్నవాళ్ళ కొనుగోళ్ళు 70 శాతం పెరిగాయి. తగ్గింపు కబురు కూడా విన్నవాళ్ళవి 30 శాతమే పెరిగాయి. ఫోన్ అందనివాళ్ళలో ఏ పెరుగుదలా లేదు.

రెండో జట్టువాళ్ళకు కృతజ్ఞతతో పాటు డబ్బు మిగిలే దారి కూడా చూపించారు. అయినా వాళ్ళు కొన్నది తక్కువ. ఎందుకో ఊహించడం కష్టం కాదు. తగ్గింపు మాట వినగానే, అంతకుముందు విన్న కృతజ్ఞత రంగు మారిపోతుంది. “ఓహో, దీనికోసమా!” అనిపిస్తుంది. పాత ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అని రాసేవాళ్ళు. ఇరువైపులా క్షేమమే, ఆపైన సంగతి ఏమనగా, అని. ఆ మాట దగ్గరికి రాగానే చదివేవాళ్ళు కొంచెం సర్దుకుని కూర్చునేవాళ్ళు. అసలు విషయం ఇప్పుడొస్తుంది, అప్పు అడుగుతాడో, సిఫారసు అడుగుతాడో అని. మీ కార్డుకు ఆ ‘ఉపరి’ ఉండకూడదు. కుశలం దగ్గరే ఆగిపోవాలి. కూపన్ ఇవ్వాలనిపిస్తే వేరే నెలలో, వేరే కాగితం మీద, ఇది ప్రకటనే అని తెలిసేలా ఇవ్వండి. దానిలో తప్పేమీ లేదు. రెండిటినీ ఒకే కవరులో కుక్కితేనే రెండూ చెడతాయి.

అలాగని ఆ 70 శాతాన్ని మీ తమ్ముడికి పందెం కాయకండి. అది ఒక్క దుకాణం సంగతి, దాదాపు అర్ధశతాబ్దం కిందటిది. పైగా దానికి ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది. 2023లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అమెరికాలో విరాళాలతో నడిచే టీవీ స్టేషన్లు, ఒక సేవాసంస్థ తమకు కొత్తగా విరాళమిచ్చినవాళ్ళకు కృతజ్ఞతా ఫోన్లు చేయించాయి. ఆరేళ్ళపాటు, 5 లక్షల మందికి పైగా దాతలతో జరిగిన పరీక్ష అది. ఫోన్ అందుకున్నవాళ్ళు, అందుకోనివాళ్ళు మరుసటి ఏడు ఇచ్చిన విరాళాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. ఆ రంగంలో పండిపోయినవాళ్ళేమో ఫోన్ల వల్ల విరాళాలు బాగా పెరుగుతాయని అంతకుముందే అంచనాలు కట్టారు.

మరి ఏది నమ్మాలి? నా మటుకు నేను రెండూ నమ్ముతాను. ఆ ఫోన్లు చాలావరకు విరాళమిచ్చిన కొన్ని నెలలకు వెళ్ళాయి. చేసింది అదే వృత్తిగా ఉన్నవాళ్ళు, అందరికీ దాదాపు ఒకే పాఠం. చెప్పేవాడికి వినేవాడెవరో తెలియదు, వినేవాడికి చెప్పేవాడెవరో తెలియదు. మర్యాద ఉంది, పరిచయం లేదు. ఒక మనిషికి తెలిసినవాళ్ళు చెప్పిన కృతజ్ఞతకూ, లక్షలమందికి వరసపెట్టి చదివి వినిపించిన కృతజ్ఞతకూ మాటలు ఒకటే కావచ్చు, బరువు ఒకటి కాదు. ఇది నా అన్వయమే, ఆ పరిశోధకుల తీర్పు కాదు. కానీ ముప్ఫై ఏళ్ళు అమ్మకాల్లో తిరిగినవాడిగా ఆ తేడాను రోజూ చూశాను. మీ దగ్గరున్నది 340 పేర్లు, 5 లక్షలు కాదు. వాళ్ళలో సగంమంది గుమ్మం వెడల్పు ఎంతో కూడా మీకు తెలిసి ఉంటుంది. పెద్ద కంపెనీలు ఎంత ఖర్చుపెట్టినా కొనుక్కోలేనిది అదే.

ఈ మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు జో జిరార్డ్ పేరు తెస్తారు. తేవాల్సిందే. అమెరికాలోని మిషిగన్‌లో ఒక షెవర్లే కార్ల దుకాణంలో 1963 నుంచి 1978 దాకా పనిచేసి 13,001 కార్లు అమ్మినవాడు. ఒక్క 1973లోనే 1,425. తన దగ్గర కొన్నవాళ్ళందరికీ నెలనెలా ఒక గ్రీటింగు కార్డు పంపేవాడు. ఆయన గురించి చెప్పేవాళ్ళు కార్డుల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. నాకు నచ్చినవి మాత్రం రెండు చిన్న సంగతులు. కవరు చూడగానే ప్రకటన అని తెలియకుండా దాని రంగు, సైజు మారుస్తూ ఉండేవాడు. ఒకటో తారీఖునా, పదిహేనో తారీఖునా పంపేవాడు కాదు, ఆ రోజుల్లో ఇంటికి బిల్లులొస్తాయి కాబట్టి. బిల్లుల కట్ట మధ్య కార్డు వస్తే ఎవరికి మాత్రం చదవబుద్ధి వేస్తుంది? ఇంకో సంగతి, కొన్న కారు మొరాయిస్తే తన మనిషికి సాయంగా మరమ్మతు విభాగం దగ్గర ఆయనే నిలబడేవాడు. కార్డు వెనక ఆ నిలబడటం లేకపోతే 13 వేల కార్డులూ చిత్తుకాగితాలే అయ్యేవి. మీరు ఆయనలా నెలనెలా పంపనక్కర్లేదు. అది ఆయన పద్ధతి, సాయానికి మనుషుల్ని పెట్టుకుని నడిపాడు. మీకు ఏడాదికి ఒక్కటి చాలు, కానీ అది ఆ ఒక్కరికే రాసినట్టుండాలి.

ఇక మీ చేతిరాత సంగతి.

అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ఒక ముచ్చటైన పని చేశారు. కొంతమంది చేత తమకు మేలు చేసినవాళ్ళకు కృతజ్ఞతా లేఖలు రాయించారు. “ఇది అందుకున్నవాళ్ళు ఎంత ఆశ్చర్యపోతారు, ఎంత సంతోషిస్తారు, ఎంత ఇబ్బంది పడతారు?” అని రాసినవాళ్ళను అడిగారు. తర్వాత అందుకున్నవాళ్ళనూ అడిగారు. రాసినవాళ్ళు ఆశ్చర్యాన్ని, సంతోషాన్ని తక్కువ అంచనా వేశారు. ఇబ్బందిని ఎక్కువ అంచనా వేశారు. రాసేవాళ్ళ బెంగంతా మాట కుదిరిందా, సరిగ్గా చెప్పానా అని. చదివేవాళ్ళు చూసింది అందులోని ఆప్యాయతను. మీ సిగ్గు కూడా ఆ లెక్కలోదే. కోడిగీతల్లా ఉన్నా పర్వాలేదు, చదవగలిగితే చాలు. ఒకచోట కొట్టివేత ఉన్నా మంచిదే, మనిషి రాశాడని తెలుస్తుంది.

ఆమధ్య నాకొక సంస్థ నుంచి నీలి సిరాతో రాసినట్టున్న కార్డు వచ్చింది. ఎంత అందమైన దస్తూరీ! ముచ్చటపడి రెండోసారి చదువుతుంటే ‘క’ అనే అక్షరం దగ్గర అనుమానమొచ్చింది. కార్డులో ఏడు ‘క’లున్నాయి, ఏడూ కవల పిల్లలే. వేలు తడిచేసి రుద్దాను. సిరా చెదరలేదు. అచ్చు కొట్టిన కార్డే మామూలు అక్షరాల్లో పంపి ఉంటే నాకేమీ అనిపించేది కాదు. చేతిరాతలా నటించినందుకు ఆ సంస్థ మీద ఉన్న కాస్త సదభిప్రాయమూ పోయింది. మీ తమ్ముడు అలాంటి ఫాంట్ ఏదైనా చూపిస్తే వద్దనండి.

ఏం రాయాలని అడిగారు. ముందు ఏం రాయకూడదో చూడండి:

“గౌరవనీయులైన కస్టమర్ గారికి, మా సంస్థ పట్ల మీరు చూపుతున్న ఆదరాభిమానాలకు హృదయపూర్వక కృతజ్ఞతలు. ఎల్లప్పుడూ మీ సేవలో.”

ఇందులో తప్పొక్కటీ లేదు, మనిషీ లేడు. ఇదే కార్డును మందుల దుకాణానికీ బ్యాంకుకీ ఇస్తే ఒక్క అక్షరం మార్చకుండా వాడుకుంటారు. ఇప్పుడిది చూడండి:

“బీరువా కొలతలు మీరు మూడోసారి మార్చినప్పుడు నిజం చెప్పొద్దూ, కొంచెం విసుక్కున్నాను. బిగించాక చూస్తే మీరే రైటు. ముందనుకున్న కొలతైతే కిటికీ తలుపుకు అడ్డొచ్చేది. కింది అర అంచును మా మేస్త్రీ ఇంకో పూట కూర్చుని నున్నగా చేశాడు, మీ పాప అక్కడే కూర్చుని చదువుకుంటుందని మీరన్నారుగా. మా పని మీ ఇంట్లో ఉన్నందుకు సంతోషం.”

అయిదు వాక్యాలు. ఆ ఇంటికి తప్ప ఇంకే ఇంటికీ పనికిరావు. కింద మీ సంతకం, పక్కన మేస్త్రీ సంతకం. ఈ రెండో సంతకం తప్పకుండా పెట్టించండి. చెక్క మీద చెయ్యేసి పనిచేసినవాడి పేరు కొన్నవాళ్ళకు ఎప్పుడూ తెలియదు. అతనికీ తన పని ఎవరింట్లో ఉందో గుర్తుండిపోతుంది. ఫోన్ నంబరు, వెబ్‌సైటు, నవ్వు ముఖం బొమ్మ ఏవీ వద్దు. “మా గురించి నాలుగు మంచి మాటలు రాయండి, అయిదు నక్షత్రాలివ్వండి” అని అసలే వద్దు. అదీ ‘ఉపరి’ కిందికే వస్తుంది.

నవ్వు ముఖం అన్నాను కాబట్టి ఒక పక్కమాట. రిండ్, బోర్డియా అనే ఇద్దరు 1996లో ఒక రెస్టారెంటులో బిల్లు వెనక నవ్వు ముఖం గీయించి చూశారు. గీసింది ఆడవాళ్ళయితే టిప్పు పెరిగింది. మగవాళ్ళు గీస్తే పెరగలేదు. ఒకరి చేతిలో ముద్దొచ్చిన పని ఇంకొకరి చేతిలో అతికించినట్టుంటుంది. ఎక్కడో ఎవరో చేశారని చదివిందల్లా తెచ్చి మీ కార్ఖానాలో పెట్టకండి. మీ నోట్లో పలకని మాట మీ కార్డులోనూ పలకదు.

ఎప్పుడు పంపాలి? సరుకుతో పాటు మాత్రం కాదు. పెట్టెలో పెట్టిన కార్డు ప్యాకింగులో భాగమైపోతుంది, థర్మోకోలుతో పాటే బుట్టలోకి వెళ్తుంది. నెలన్నర ఆగండి. అప్పటికి కొత్త మోజు తీరి, బల్ల ఇంట్లో బల్లగా కుదురుకుంటుంది. డబ్బు లావాదేవీ ముగిసి, ఇక వీళ్ళతో పనేముందని ఇరువైపులా అనుకునే వేళ అది. ఏరు దాటాక తెప్ప తగలేసే వ్యాపారులకే అలవాటు పడ్డ మనిషికి, దాటాక వెనక్కి తిరిగి పలకరించినవాళ్ళు గుర్తుంటారు.

పెట్టెలో ఏదైనా పెట్టాలనుంటే అది వేరే రకం. పాలిష్‌ను ఎలా కాపాడుకోవాలో చెప్పే అచ్చు కాగితం మీరు ఎలాగూ పెడతారు, వాళ్ళు ఎలాగూ చదవరు. దాని మీద చిన్న అంటుడు చీటీ వేసి, “మొదటి పది రోజులు తడిగుడ్డ వాడకండి, ఇదొక్కటి గుర్తుంచుకోండి” అని చేత్తో రాయండి. రాండీ గార్నర్ అనే ఆయన 2005లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పూర్తిచేసి పంపమంటూ సర్వే ప్రశ్నపత్రాలు ఇస్తే, చేతిరాత చీటీ అంటించినవి 75 శాతానికి పైగా తిరిగొచ్చాయి. అదే మాట చీటీ లేకుండా కాగితం మీదే చేత్తో రాస్తే 48 శాతం. ఏమీ రాయకపోతే 36. చీటీకి ఏ మహత్తూ లేదు, ఎవరో మనకోసం ఒక నిమిషం ఆగారని అది చూపిస్తుంది, అంతే.

కార్డు కన్నా పెద్దది మీ చేతిలో ఇంకొకటి ఉంది. మీరు దాని ఊసే ఎత్తలేదు. మీకు చెక్క తెలుసు. గాలిలో తేమ పెరిగితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. అందుకే తేమ రోజుల్లో సొరుగులు బిగుసుకుంటాయి, పొడి రోజుల్లో అతుకుల దగ్గర వెంట్రుకవాసి సందులు పడతాయి. ఇది మీకు పాత సంగతి. కొన్నవాళ్ళకు తెలియదు. సొరుగు లాగి లాగి, “పచ్చి చెక్క అంటగట్టారు” అని ఇంట్లో అనుకుంటారు, వచ్చిన చుట్టానికి చెబుతారు, మీకు మాత్రం చెప్పరు. తేమ రోజులు మొదలైన వారంలో, సొరుగులున్న సామాను తీసుకున్నవాళ్ళకు మీరే ఫోన్ చేయండి. “సొరుగులు గట్టిగా వస్తున్నాయా? కంగారు పడకండి, తేమ తగ్గాక వదులవుతాయి. జారే అంచుకు కొవ్వొత్తి మైనం రుద్దండి. అప్పటికీ రాకపోతే చెప్పండి, మావాడొచ్చి చిత్రిక పడతాడు.” అంతే, పెట్టేయండి. రెండు నిమిషాలు దాటకూడదు. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేయొద్దు.

ఈ ఫోన్‌లో ప్రేమ ఒలకబోయడం లేదు, పొగడ్త లేదు. తయారుచేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పలకరింపు ఇది. దీని తర్వాత ఆ మనిషి బిగుసుకున్న సొరుగును చూసే తీరే మారిపోతుంది. నిన్నటిదాకా అది మీ తప్పు, ఇవాళ్టి నుంచి మీరు ముందే చెప్పిన విషయం. ప్రకటనకు పెట్టే ఖర్చుతో ఈ మార్పు రాదు. కార్డా, ఫోనా, ఒక్కటే ఎంచుకోమంటే నేను ఫోన్‌కే ఓటేస్తాను.

కానుకల గురించి మీరు అడగలేదు, అయినా అక్కడికి వస్తారు కాబట్టి చెబుతున్నాను. డెనిస్ రీగన్ 1971లో ప్రచురించిన ప్రయోగంలో, అడగకుండానే ఒక కూల్‌డ్రింకు తెచ్చిచ్చినవాడు కాసేపటికి లాటరీ టిక్కెట్లు కొనమని అడిగితే, ఇవ్వనివాడి కన్నా దాదాపు రెండింతలు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళకు అతను నచ్చాడా లేదా అన్నదానితో పెద్ద సంబంధమే లేకపోయింది. అంటే పుచ్చుకున్నది మనసులో బాకీలా కూర్చుంటుంది. ఎరగా వాడేవాళ్ళకు ఇది మంచి వార్త. మీకు కాదు. ఖరీదైన కానుక అందుకున్న మనిషి సంతోషించే ముందు లెక్క వేసుకుంటాడు. ఇవ్వాలనిపిస్తే వాళ్ళ సామానుకే పనికొచ్చేది, తిరిగి ఏమీ ఇవ్వాలనిపించనంత చిన్నది ఇవ్వండి. వాళ్ళ బల్ల చేయగా మిగిలిన అదే చెక్క ముక్కను నున్నగా చేసి, వేడి పాత్ర కింద పెట్టుకునే పలకగా ఇస్తే బాగుంటుంది. కంపెనీలకు, ప్రభుత్వ కార్యాలయాలకు మీరు సామాను చేసిచ్చి ఉంటే అక్కడి ఉద్యోగులకు అదీ వద్దు. చాలాచోట్ల కానుకలు పుచ్చుకోకూడదన్న నియమాలుంటాయి, మీ పలక వల్ల ఒకరి ఉద్యోగానికి మాట రావచ్చు. కార్డు చాలు.

మోసం కాదా అన్నారు. వ్యాపారం చేసే మనిషి మనసులో వ్యాపారం లేకుండా ఎక్కడికి పోతుంది? అది ఉన్నంత మాత్రాన ఆప్యాయత అబద్ధమైపోదు. కార్డు పోస్టులో వేశాక ఆ ఇంటి నుంచి ఏ కబురూ రాకపోతే, “ఇంత రాసినా పలకలేదే” అని మీకు ఉక్రోషం వస్తే మాత్రం అది ఎరే. రాసేటప్పుడు ఆ ఇంటి బీరువా కళ్ళముందు కనిపించి మీకే కాస్త నవ్వొస్తే, నిశ్చింతగా పంపండి.

నాకు మోసం కన్నా భయమేసేది చొరవ మితిమీరడం. వాళ్ళు పని సందర్భంగా మీతో స్వయంగా అన్న మాటే రాయండి. కొలతలకు వెళ్ళినప్పుడు గోడ మీద చూసింది, వాళ్ళ ఫేస్‌బుక్‌లో చదివింది రాయకండి. పొంగిపోతారనుకుంటాం, ఉలిక్కిపడతారు. పాత పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. నేను అమ్మకాల్లో ఉన్న రోజుల్లో ఒకాయనకు, “మీరూ మీ శ్రీమతి గారూ కలిసి ఎంచుకున్నది ఎలా పనిచేస్తోంది?” అని రాశాను. ఆవిడ పోయి అప్పటికి రెండు నెలలు. ఆయన నన్నేమీ అనలేదు. తర్వాత కనిపించినప్పుడు కార్డు అందిందని మాత్రం చెప్పారు. అప్పట్నుంచీ ఏడాది దాటిన పేరైతే మనుషుల ఊసెత్తను, వస్తువు గురించే రాస్తాను. మీరూ అంతే చేయండి. “పాప అక్కడ కూర్చుంటుందన్నారుగా” అనేది నెలన్నర కిందటి మాటకు సరిపోతుంది, అయిదేళ్ళ కిందటి మాటకు కాదు.

ఇప్పుడు మీ తమ్ముడితో తగువు. అతను లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే తేల్చండి. రిజిస్టరులో సరి సంఖ్యల వాళ్ళకు కార్డు, బేసి సంఖ్యల వాళ్ళకు లేదు. మీకు ఇష్టమైనవాళ్ళను ఏరుకుని పంపితే పరీక్ష చెడిపోతుంది, ఇష్టమైనవాళ్ళు ఎలాగూ మళ్ళీ వచ్చేవాళ్ళే. వారానికి అయిదు రాస్తే 170 కార్డులకు 34 వారాలు. ఒక్కరోజు కూర్చుని అన్నీ రాసేద్దామనుకోవద్దు, ఇరవయ్యో కార్డుకల్లా “ఆదరాభిమానాలు” అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

ఏం లెక్కపెట్టాలన్నది ఇంకా ముఖ్యం. మీరు అమ్మేది ఏడాదికోసారి కొనే వస్తువు కాదు. బల్ల బాగుంటే పదిహేనేళ్ళు ఇంకో బల్ల కొనరు. మళ్ళీ కొన్నారా అని మాత్రమే చూస్తే మీ తమ్ముడే గెలుస్తాడు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ, “మా గురించి ఎవరు చెప్పారండీ?” అని అడిగి, ఆ పేరు రిజిస్టరులో రాయండి. చెప్పినవాళ్ళు సరి జట్టులోవాళ్ళా, బేసి జట్టులోవాళ్ళా అన్నది ఏడాదిన్నర తర్వాత కూడి చూడండి. ఇంత చిన్న జాబితాలో చిన్న తేడా కనిపిస్తే అది గాలివాటం కూడా కావచ్చు, కాబట్టి ఎవరు గెలిచినా మరీ ఎగరకండి. ఈ పేరు అడిగే అలవాటు మాత్రం పరీక్ష ముగిసినా మానవద్దు. మిమ్మల్ని ఇంకొకరికి చెప్పినవాళ్ళకు సరి బేసి చూడకుండా ఆ వారమే కార్డు వెళ్ళాలి. “మీరు చెప్పారని ఫలానావారు వచ్చారు. మీ మాట పోనివ్వకుండా చేస్తాం.” కమిషన్ ఇవ్వబోకండి. స్నేహితుడికి మంచి మాట చెప్పిన మనిషిని దళారీని చేసినట్టవుతుంది.

చివరగా, ఊగుతున్న బల్ల ఉన్నావిడ. ఆవిడ పేరు సరిలో ఉన్నా బేసిలో ఉన్నా జాబితా నుంచి తీసి పక్కన పెట్టండి. రెండుసార్లు ఫోన్ చేసినా రాని మనిషి నుంచి ఆప్యాయమైన కార్డు వస్తే పుండు మీద కారమే. మేస్త్రీని తీసుకుని మీరే వెళ్ళండి. బల్లను నాలుగు చోట్లకు జరిపి చూడండి. ఒక్కచోటే ఊగితే నేల ఎగుడుదిగుడు, కాలి కింద చిన్న మెత్త అంటిస్తే సరిపోతుంది. అన్నిచోట్లా ఊగితే కాలి పొడవో అతుకో తేడా, అది మీ పనే, కార్ఖానాకు తెచ్చి సరిచేసి పంపాలి. ఆలస్యానికి క్షమాపణ గుమ్మంలోనే చెప్పేయండి, పని ఒత్తిడి గురించి వివరించకండి. రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఏ వేళకు రమ్మంటారో ఆవిడనే అడగండి.